మూఢంలో ఎర్రకారు

మా ఆయన పేరు నేను నోటితో అనను. కాగితం మీద రాస్తే తప్పులేదనుకుంటాను: యజ్ఞనారాయణ సిద్ధాంతి. కొత్తపేటలో ఉండి పంచాంగం గణించేవారు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ముహూర్తాలు పెట్టేవారు. మా పుట్టింట్లోనూ అదే వృత్తి కాబట్టి ఆయన వేసిన లెక్కలు అచ్చుకి వెళ్ళే ముందు నేనే సరిచూసేదాన్ని. తప్పు దొరికితే వదిలిపెట్టేదాన్ని కాదు. ఎవరున్నా లేకపోయినా అక్కడే చెప్పేసేదాన్ని. ఈ సంగతి కొత్తపేటలో అందరికీ తెలుసు.

అటువంటి పెద్దమనిషి, యాభయ్యేళ్ళు దగ్గర పడుతుండగా, ఒక కారు మీద మనసు పడ్డారు.

అంబాసిడరైతే నేను ఇంత రాద్ధాంతం చెయ్యను. ఇది ఇటలీ కారు. ఎర్రగా, నేలబారుగా ఉంటుంది. రెండే తలుపులు. టాపు వెనక్కి మడిచేయొచ్చు. డెబ్బై నాలుగులో అనుకుంటాను, అమలాపురం బంగారరాజుగారు మద్రాసులో ఎవరో సినిమా నిర్మాత దగ్గర ముచ్చటపడి కొన్నారు. అందుకోసం నాలుగెకరాల కొబ్బరితోట అమ్మేశారు. తీరా ఇంటికి తెచ్చాక తెలిసింది, ఆ కారు పరిగెత్తడానికి కోనసీమలో రోడ్డు లేదని. దాని పొట్ట నేలకి రాసుకునేది. పంటకాలవల దగ్గర తూములు దాటాలంటే చెక్కలు పరచాలి. పాశర్లపూడి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కించబోతే ముందు చక్రాలు పంటు మీదా వెనక చక్రాలు ఒడ్డు మీదా ఉండిపోయి, నడుం దిగబడి కూర్చుంది. పంటు మీది జనమంతా దిగి, పంచెలు ఎగగట్టి, దాన్ని ఎత్తి పెట్టారు.

అప్పుడు రాజుగారికి ఒక ఆలోచన వచ్చింది. టాపు లేని కారు కదా, పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తే? ఇచ్చారు. జనం విరగబడ్డారు. వెనక భాగాన పూలదండలు కట్టి వధూవరుల్ని కూర్చోబెట్టేవారు. గంటకి నూట యాభై మైళ్ళు పోగలదని చెప్పుకునే కారు, సన్నాయివాళ్ళ వెనకాల వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ, ముసలమ్మలు నడిచినట్టు నడిచేది.

దాని డ్రైవరు ఏసుదాసు. వాళ్ళది మా కొత్తపేటే, పేట చివర ఇల్లు. ఒకసారి అమలాపురంలో పెళ్ళి అయ్యాక మా ఆయనకి బస్సు తప్పిపోయింది. రాజుగారు ఏసుదాసుతో, "సిద్ధాంతిగార్ని దింపేసి నువ్వూ ఇంటికెళ్ళి రారా" అన్నారట. మధ్యాహ్నం పూట, ముందు సన్నాయి లేదు, దారిలో మనిషి లేడు. ఏసుదాసుకి కూడా చాన్నాళ్ళుగా కాలు జిలపెడుతోంది కాబోలు, ఆ కారుని ఒక్కసారి వదిలాడు.

మా ఆయన ఇంటికి ఎలా వచ్చారనుకున్నారు? ఉత్తరీయం లేదు. పిలక ముడి ఊడిపోయి నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు. ఏ ప్రమాదం జరిగిందోనని నేను గుండె బాదుకుంటుంటే, ఆయన వీధి అరుగు మీద కూలబడి నవ్వడం మొదలెట్టారు. పెళ్ళయిన ముప్ఫయ్యేళ్ళలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"కమలా, మనం ఈ కారు కొంటున్నాం" అన్నారు.

"దేంతో? దర్భలతోనా?" అన్నాను.

"ఇప్పుడు కాదులే. దీని ధర పడుతుంది."

ఇక చూడండి. ఆకాశంలో గ్రహాల కదలిక లెక్కగట్టినట్టు ఆ కారు ధర కదలిక లెక్కగట్టడం మొదలెట్టారు. భోజనం చేస్తూ నాకు పాఠం. "కొత్త కారంటే పెనం మీది దోశె లాంటిదే. పళ్ళెంలో పడ్డాక చూస్తూండగానే చల్లారిపోతుంది. మొదట్లో గబగబా పడుతుంది, తరవాత మెల్లిమెల్లిగా పడుతుంది. వేడి మీద కొన్నవాడు నిర్మాత. గోరువెచ్చగా ఉండగా కొన్నవారు రాజుగారు. చల్లారాక కొనేవాణ్ణి నేను."

"చల్లారిన దోశె ఎవరు తింటారండీ?" అన్నాను.

"ఆకలున్నవాడు" అన్నారు.

ఈ జబ్బు కారుతో ఆగితే బాగుండును. ఇంట్లోకి ఫ్యాను కొనమంటే, "ఎండల్లో ధర ఎక్కువ, చలికాలంలో కొందాం" అనేవారు. చలికాలం వస్తే, "ఇప్పుడు ఫ్యాను ఎందుకే?" అనేవారు. అలా ఎన్ని ఎండాకాలాలు విసనకర్రతో వెళ్ళదీశానో నాకు తెలుసు.

బంగారరాజుగారు ఏటా ఉగాది ముందు మా ఇంటికి వచ్చేవారు. ఆ ఏడు లగ్నాలు ఎన్ని ఉన్నాయో ముందే తెలిస్తే కారు అద్దెలు ఒప్పుకోవడానికి వీలు. మా ఆయన చెప్పేవారు. చెప్పి, కాఫీ చప్పరిస్తూ, ఏమీ ఎరగనట్టు, "కారు ఎలా ఉందండి? ఇచ్చేస్తే ఏమాత్రం వస్తుందంటారు?" అని అడిగేవారు. మొదట్లో మూడెకరాలన్నారు. తరవాత ఎకరంన్నర. ఆ తరవాత ఒక పెంకుటిల్లు ఖరీదు. ఇంకా తరవాత జత ఎడ్లూ బండీ ఖరీదు.

అప్పుడే మా ఆయన ఇంకో సంగతి కనిపెట్టారు. లగ్నాలు దండిగా ఉన్నాయని చెప్పిన ఏడు రాజుగారు కారుని తెగ పొగిడేవారు. మూఢం వస్తోందని చెప్పిన ఏడు, "అబ్బే, అదో గుదిబండండీ బాబూ" అనేవారు. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి కనబడకుండా పోయే రోజుల్ని మూఢం అంటాం. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యం, ఏ శుభకార్యమూ మొదలెట్టం. పెళ్ళిళ్ళు లేకపోతే ఊరేగింపు కారు దేనికి? షెడ్డులో పడుండి ఎలకలకి కాపురం పెట్టడానికి పనికొస్తుంది.

"కొనేవాడు రెండు చూడాలి కమలా. వస్తువు వయసూ, అమ్మేవాడి మొహమూ. వయసు ఎలాగూ పెరుగుతుంది. మొహం ఎప్పుడు వాడుతుందో కోనసీమ మొత్తం మీద నాకొక్కడికే ముందు తెలుస్తుంది" అన్నారు. ఆ వేళ ఆయన మీసం లేని పెదవిని మెలెయ్యడం నేను కళ్ళారా చూశాను.

రాబోయే ఏళ్ళన్నీ గాలించి ఒక ఏడు పట్టుకున్నారు. ఆ ఏడు శుక్రమూఢం, దాని వెనకే ఆషాఢం, శ్రావణం రాగానే గురుమూఢం, అది వదిలేసరికి భాద్రపదం. నెలల తరబడి ఒక్క లగ్నం లేదు. "ఆ ఏడు రాజుగారు ఆ కారుని బయటికి తోసేస్తారు చూడు" అన్నారు. ఆ ఏడు కోసం సంభావనల్లో కొంత, పంచాంగాల అమ్మకంలో కొంత తీసి భోషాణం పెట్టెలో దాచడం మొదలెట్టారు.

ఈ ఉపాయమంతా ఆయన నాకే కాదు, ఏసుదాసుకి కూడా చెప్పేవారు. రాజుగారు ఎప్పుడు దింపి రమ్మన్నా ముందు సీట్లో కూర్చుని శుక్రుడి సంగతీ గురుడి సంగతీ పూస గుచ్చినట్టు చెప్పేవారు. అతను శ్రద్ధగా వినేవాడు. "ఆయ్, అలాగాండి" అనేవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముహూర్తం దగ్గర మా ఆయన ఎవరికీ లొంగరు. మధ్యలో ఒక ఏడు కాంట్రాక్టరు సూర్యారావుగారు బుట్టెడు మామిడిపళ్ళతో వచ్చారు. కొడుక్కి అస్సాంలో ఉద్యోగం వచ్చిందట, వెళ్ళేలోగా పెళ్ళి చెయ్యాలట, అప్పుడేమో మూఢం.

"ఏదో ఒక సందు చూడండి సిద్ధాంతిగారూ. గ్రహాలు మీ చేతిలో పనే కదండీ" అన్నారాయన.

"గ్రహాలు నా చేతిలో ఉంటే ఈపాటికి మా ఆవిడకి ఫ్యాను కొనుందునండి" అని మా ఆయన పళ్ళబుట్ట వెనక్కి తోసేశారు. సూర్యారావుగారు కోపంగా లేచి వెళ్ళిపోయారు. ఆ పళ్ళు బంగినపల్లి. నాకు ఇప్పటికీ గుర్తే.

నాకు ఆయన మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్కదాంట్లో మాత్రం గర్వం. మా ఇంట్లో ఆస్తి అంటూ ఉంటే అది ఆ మాటే. అది పోతే ఆయన ఉత్త పంచె కట్టుకున్న మనిషి.

అనుకున్న ఏడు వచ్చింది. అనుకున్నట్టే శుక్రుడు మాయమయ్యాడు. రాజుగారి ఓపిక నశించడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒక ఉదయం స్వయంగా మా ఇంటికి వచ్చేశారు.

"సిద్ధాంతిగారండీ, ఆ కారు మీకు ఇష్టమని నాకు తెలుసండి. కొబ్బరి దింపు కాయలొచ్చేస్తన్నాయి, షెడ్డులో పోసుకుందామంటే అది అడ్డంగా పడుకునుంది. తీసుకుపోండి. రెండు పాడిగేదెల ఖరీదు ఇచ్చెయ్యండి చాలు. మీరు కాబట్టి."

నాలుగెకరాల కొబ్బరితోట రెండు గేదెల దగ్గరికి దిగింది! మా ఆయన మొహం చూడాలి ఆ వేళ. లేచి లోపలికి వచ్చి భోషాణం తాళం తీశారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నిజంగా సందేహం వచ్చే అడిగాను, ఎత్తిపొడుపు కాదు.

"ఏవండీ, మూఢంలో వాహనం కొనొచ్చా?"

ఆయన చెయ్యి భోషాణం మూత మీదే ఉండిపోయింది.

ఎనిమిదేళ్ళు కారు వయసు చూశారు, రాజుగారి మొహం చూశారు, గురుణ్ణీ శుక్రుణ్ణీ చూశారు. ఆ మూఢం తనకి కూడా మూఢమేనన్న సంగతి మాత్రం చూసుకోలేదు. కోనసీమలో ఎంతమంది వచ్చి స్కూటరు కొనుక్కోవచ్చా అనడిగితే, "మూఢం వెళ్ళనీ నాయనా" అని తిప్పి పంపారో! నాకు నవ్వు ఆగలేదు. పమిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయాను. వచ్చి చూద్దును కదా, ఆయన ఇంకా అక్కడే, అలాగే ఉన్నారు. అప్పుడిక నవ్వు రాలేదు.

"పోనీ డబ్బు ఇప్పుడిచ్చెయ్యండి, కారు తరవాత తెచ్చుకోవచ్చు" అన్నాను.

"డబ్బు ఇస్తేనే కొన్నట్టే."

"నా పేరు మీద కొనండి."

"నీకూ నాకూ వేరువేరు శుక్రుళ్ళున్నారా?"

"బయానా ఇచ్చి..."

"ఊరుకో కమలా" అన్నారు. కసరలేదు. కసిరితే బాగుండేది.

భోషాణం మూసేసి సావిట్లోకి వెళ్ళి, "రాజుగారూ, మూఢం వెళ్ళాక పుచ్చుకుంటాను" అన్నారు.

"మూఢం వెళ్ళేక లగ్గాలొచ్చేస్తాయి కదండీ. అప్పుడు రెండు గేదెలకి ఎందుకిస్తానండి? నాకేమన్నా మతిపోయిందా అండి?"

"పోలేదండి" అని ఒప్పుకున్నారు మా ఆయన.

నాలుగు రోజులు తిరక్కుండా మాకు పాలు పోసే మంగాయమ్మ గుమ్మంలో చెంబు దించుతూ, "ఏసుదాసు కారు కొనేసేడండి అమ్మగారూ. పెళ్ళాం మాణిక్యం గేదెలు అమ్మేసింది. కొన్నది నేనేనండి, మంచి గేదెలండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని "అలాగాండి, అలాగాండి" అంటూ మా ఆయన లెక్కలన్నీ విని, మా మూఢంలో తను కొనుక్కుంటాడా? వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి మూఢం లేదు, ఆషాఢం లేదు. శుక్రుడు ఉంటేనేం, ఊడితేనేం?

"ఎవరో ఒకరు కొన్నారు. నా లెక్క తప్పలేదు, అది చూడు" అన్నారు మా ఆయన. అని, పెరుగన్నం వదిలేసి లేచిపోయారు.

ఆ నెలలన్నీ ఎర్రకారు ఖాళీగా లేదు. రావులపాలెంలో చర్చి పెళ్ళి, ముమ్మిడివరంలో చర్చి పెళ్ళి. దాని హారను వినబడితే మా ఆయన అరుగు మీంచి లేచి లోపలికి వచ్చేసేవారు. ఏం పనుండి వచ్చారో ఆయనకే తెలిసేది కాదు. కాసేపు గోడవంక చూసి మళ్ళీ వెళ్ళేవారు. మనిషి చిక్కిపోయారు. ఏసుదాసు ఎదురుపడితే నాలుగు దులుపుదామని నేను మాటలు సిద్ధం చేసుకుని ఉంచుకున్నాను.

భాద్రపదం వెళ్ళింది. ఆశ్వయుజంలో మొదటి మంచిరోజున, పొద్దున్నే, ఆ కారు మా వీధిలోకి తిరిగి సరిగ్గా మా ఇంటి ముందు ఆగింది. తళతళా తుడిచి ఉంది. ఏసుదాసు తెల్లచొక్కా వేసుకున్నాడు. పక్క సీట్లో మాణిక్యం. ఏసుదాసు దిగాడు. మాణిక్యం దిగలేదు.

"దిగవే" అన్నాడు అతను మెల్లిగా. అప్పుడు దిగింది.

"సిద్ధాంతిగారూ, కారు తెచ్చేనండి" అన్నాడు.

"చూస్తున్నాను ఏసుదాసూ. బాగుంది."

"చూడ్డానికి కాదండి. తీసుకోండి. ఆ వేళ మీరు కొననన్నాక తుక్కు కొనేవాళ్ళొచ్చి చూసెళ్ళేరండి. ముక్కలు కోసేస్తారని భయమేసిందండి. మీకు మూఢం గానీ మాకు లేదు కదండీ. అందుకని నేను కొనుంచేనండి. ఇవాళ వాహనానికి మంచిదని మీ పంచాంగంలోనే ఉంది. నేనిచ్చింది నాకిచ్చేసి తీసేసుకోండి."

నేను దాచుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

"అప్పుడే చెబితే ఏం పోయిందయ్యా?" అన్నాను.

"చెబితే మూఢంలో బేరం కుదిరినట్టవుద్ది కదండీ అమ్మగారూ. అయ్యగారు ఒప్పుకోరు."

"ఇప్పుడు లగ్నాలు వచ్చేశాయి. బయట అమ్మితే నీకు ఇంతకి రెట్టింపు వస్తుంది" అన్నారు మా ఆయన.

"ఆయ్. వచ్చుద్దండి" అన్నాడు ఏసుదాసు.

మా ఆయన మెట్లు దిగారు. కారు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగారు. తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుని రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నారు. పసిపిల్లాడి మొహం పెట్టారు. ఇక భోషాణం తాళం తెచ్చి ఇవ్వడమే నా పని అనుకుని నడుముకి ఉన్న తాళాలగుత్తి తీశాను.

అటుపక్క మాణిక్యం తను కూర్చున్న చోటు కొంగుతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. మా ఆయన అటు చూశారు.

"ఈ కారు నీకు నచ్చిందా మాణిక్యం?"

"మాకెందుకండి ఇంత కారు? పాలిస్తాదా, పేడేస్తాదా" అంది. చెయ్యి మాత్రం తలుపు మీంచి తియ్యలేదు. నవ్వుతూ అంది, "ఆదివారం దీంట్లో చర్చికెళ్ళేమండి. మా అత్త నన్ను 'మీరు' అందండి."

ఏసుదాసు తల పక్కకి తిప్పుకున్నాడు.

మా ఆయన ఇంకొంచెంసేపు అలాగే కూర్చున్నారు. తరవాత దిగి, తలుపు జాగ్రత్తగా మూసి, "కమలా, రాబోయే ఏళ్ళ గణితం రాసి పెట్టినది ఉంది కదా, పట్టుకురా" అన్నారు. తెచ్చి ఇచ్చాను. కాగితాలు తిప్పి ఒక చోట ఆగి, కళ్ళజోడు సర్దుకుని గంభీరంగా మొహం పెట్టారు.

"తొందరపడ్డావు ఏసుదాసూ. ఎల్లుండేడు దీన్ని తలదన్నే మూఢం వస్తోంది. ఆరు నెలలు చీకటే. అప్పటికి ఈ కారు మేకపిల్ల ఖరీదుకి దిగుతుంది. ఇప్పుడు రెండు గేదెలు పోసి కొంటే నలుగురూ నన్ను చూసి నవ్వరూ? ఇన్నేళ్ళు ఆగాను, ఇంకో రెండేళ్ళు ఆగలేనా? అందాకా నీ దగ్గరే ఉంచు. నడుపుకో."

ఆ కాగితం నేను సరిచూసిందే. ఆ ఏడు పెళ్ళిళ్ళ నెలలన్నీ గురుడూ శుక్రుడూ నిక్షేపంగా ఆకాశంలో ఉంటారు. లగ్నాలకి లోటే లేదు. సూర్యారావుగారి కోసం చెప్పనిది, తన కోసం చెప్పుకోనిది, ఆయన ఇప్పుడు నడివీధిలో నిలబడి చెబుతున్నారు. నాకు ఆయన మీద అంత ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఏసుదాసు అమాయకుడు కాడు. మా ఆయన మొహం చూశాడు, కాగితం చూశాడు, చివరికి నావంక తిరిగాడు. ఈయన తప్పు చెబితే నేను వదిలిపెట్టనని అతనికీ తెలుసు.

"అమ్మగారూ, నిజంగా ఉందాండీ అంత మూఢం?"

మా ఆయన నావైపు చూశారు. నన్ను చూసి ఆయన భయపడటం అదే మొదటిసారి.

"ఉంది ఏసుదాసూ," అన్నాను. "లెక్క నేనే సరిచూశాను."

అతను ఇంకా నమ్మాలో మానాలో తేల్చుకోలేక నిలబడే ఉన్నాడు. మాణిక్యం అప్పటికే ఎక్కి కూర్చుంది.